సమాధానం: ఉసిరి సారం డీపీపీహెచ్ పరీక్షలో ఎంత వేసినా 90 శాతమే చూపిస్తుంటే

డీపీపీహెచ్ ఒక ఊదారంగు రసాయనం; సారంలోని యాంటీఆక్సిడెంట్లు దాన్ని ఎంత శాతం ఖర్చు చేశాయో రంగు తగ్గుదలను బట్టి ఈ పరీక్షలో చూస్తారు. మీరు 100 నుంచి 500 మైక్రోగ్రాముల వరకు వేస్తే అన్నింటికీ 90 శాతం దగ్గరే ఆగిందని, 500 దగ్గర కాస్త తగ్గిందని రాశారు. మీ సారంలో లోపం లేదండీ. మోతాదే ఎక్కువైంది. ఉసిరిలో టానిన్లు (యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే వగరు పదార్థాలు) దండిగా ఉంటాయి కాబట్టి 100కే డీపీపీహెచ్ దాదాపు అంతా ఖర్చయిపోతుంది, ఆపైన కొలవడానికి ఏమీ మిగలదు. 500 దగ్గర తగ్గినట్టు కనిపించడానికి ఎక్కువగా సారం సొంత రంగే కారణం. అదీ మనం కొలిచే 517 నానోమీటర్ల దగ్గర కొంత కాంతిని పీల్చుకుంటుంది.

3.94 మిల్లీగ్రాముల డీపీపీహెచ్‌ను 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ గాఢత ఉన్న ద్రావణం వస్తుంది. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి, సీసాకు రేకు చుట్టండి. సారాన్ని 3, 6, 15, 30, 60 మైక్రోగ్రాములు/మి.లీ.గా పలచన చేసి, 1 మి.లీ.కి 2 మి.లీ. డీపీపీహెచ్ కలపండి. చివరి గాఢత మూడో వంతు, అంటే 1 నుంచి 20. ఐసీ50 (డీపీపీహెచ్‌లో సగాన్ని ఖర్చు చేసే సారం గాఢత) లెక్కకు ఈ అంకెలే వాడాలి; చాలామంది తప్పేది ఇక్కడే. చీకట్లో 30 నిమిషాలు ఉంచి కొలవండి.

ప్రతి గాఢతకూ విడిగా 1 మి.లీ. సారం, 2 మి.లీ. మిథనాల్ కలిపి ఒక బ్లాంక్ (సారం సొంత రంగును మాత్రమే చూపే, డీపీపీహెచ్ లేని నమూనా) పెట్టండి. దాని రీడింగ్‌ను నమూనా రీడింగ్‌లోంచి తీసేశాకే శాతం కట్టండి. ఫలితాలు 20–80 శాతం మధ్య పరుచుకోకపోతే గాఢతలు మార్చండి.

నీటి కషాయమైతే జాగ్రత్త: నీటి పాలు పెరిగితే డీపీపీహెచ్ కరిగి ఉండకుండా బయటికి విడిపోయి ద్రావణం మసకబారుతుంది.