జపాన్‌లో వాయిస్ యాక్టర్ అవ్వచ్చా? లోపల ఎలా ఉంటుంది?

మీరు అడిగింది ఇదీ: బీటెక్ చివరి ఏడాది, అనిమే అంటే ప్రాణం, జపనీస్ భాషా పరీక్షలో ఎన్3 స్థాయి పాసయ్యారు. టోక్యో వెళ్లి వాయిస్ యాక్టర్ అవ్వచ్చా, వెళ్తే మొదట్లో ఎలా ఉంటుంది అని.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే నా మాటలు మీకు తప్పుదారి చూపిస్తాయి. నాన్న ఐటీ ఉద్యోగం మీద టోక్యో వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పెరిగింది ఎదొగావా వార్డులోని నిషికసాయ్‌లో. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు, కరివేపాకు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. చదివింది మాత్రం మామూలు జపాన్ బడిలో. కాబట్టి భాషతో ఇబ్బంది లేదనుకున్నా. పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, వీసా గొడవ లేదు. మీకు ఈ రెండూ ఉండవు. ఆ సంగతి చివర్లో.

ఇంకోటి, నేను కలలు కంటూ వెళ్లినవాణ్ణి కాదు. కాలేజీ అయ్యాక ఆఫీసుకి వెళ్లబుద్ధి కాలేదు. గొంతు బాగుందని నలుగురూ అనేవారు. సరే, ఇందులో ఎంత మోసముందో చూద్దాం అన్నట్టు చేరాను. నాన్నతో "ఒక్క ఏడాదే" అన్నాను.

ఇక్కడ వాయిస్ యాక్టర్‌ని సెయ్యూ అంటారు. సెయ్యూ కావాలంటే సాధారణంగా యోసెయ్‌జో అనే శిక్షణ కేంద్రంలో చేరాలి. ఇవి చాలావరకు ఏజెన్సీలకు అనుబంధంగా ఉంటాయి. నాది వారానికి ఒక రోజు, మూడు గంటలు, ఏడాదికి 3 లక్షల యెన్ల పైచిలుకు. చేర్చుకోడానికి ఆడిషన్ పెట్టారు గానీ, అందులో తప్పినవాణ్ణి నేనింతవరకు కలవలేదు. అమీర్‌పేటలో కోర్సు అమ్మినట్టే. మా తరగతిలో ముప్పై మంది. రెండేళ్ల తర్వాత ఏజెన్సీ తీసుకున్నది ఇద్దర్ని. మిగతావాళ్లకి "ఇంకో ఏడాది చూడండి" అనే సలహా ఇచ్చారు. అంటే ఇంకో 3 లక్షలు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. అందుకని ఈ ఏర్పాటు మంచిదని అనను. నాకు కలిసొచ్చిందంతే.

తీసుకున్నారంటే ఉద్యోగం ఇచ్చారని కాదు. మొదట అజుకారి, అంటే 'మా దగ్గర ఉంచుకున్నాం' అనే హోదా. జీతం ఉండదు. పని వస్తే డబ్బు, రాకపోతే లేదు.

ఆ డబ్బు లెక్క కూడా చెప్తాను. జపాన్ నటుల సంఘం ఒప్పందం ప్రకారం సెయ్యూలకి ర్యాంకులుంటాయి. కొత్తవాళ్లది జూనియర్ ర్యాంకు, 30 నిమిషాల టీవీ ఎపిసోడ్‌కి 15,000 యెన్లు. మన డబ్బుల్లో ఎనిమిది తొమ్మిది వేలు అనుకోండి. అందులో ఏజెన్సీ కమిషన్, పన్ను పోతాయి. చేతికి వచ్చేది పది వేల యెన్ల చిల్లర. లెక్క డైలాగుల మీద కాదు, ఎపిసోడ్ మీద. ఒక్క మాట అన్నా అంతే, ఎపిసోడంతా మాట్లాడినా అంతే. అందుకే జూనియర్‌ని పిలిస్తే దారిన పోయేవాడు, పోలీసు, గుర్రంబండివాడు అన్నీ వాడిచేతే చెప్పిస్తారు. సుమారు మూడేళ్లకి జూనియర్ కాలం అయిపోయి రేటు పెరుగుతుంది. చాలామంది భయపడేది అప్పుడే, ఎందుకంటే చవగ్గా వచ్చే కొత్త జూనియర్లు వెనకాల క్యూలో ఉంటారు. 2023 అక్టోబర్‌లో వచ్చిన, మాలాంటి చిన్న ఫ్రీలాన్సర్ల మీద పన్ను భారం పెంచే ఇన్‌వాయిస్ విధానాన్ని వ్యతిరేకిస్తూ, అంతకు ముందే కొందరు సెయ్యూలు ఒక సర్వే చేశారు. జవాబిచ్చినవాళ్లలో 70 శాతం పైగా ఏడాదికి 30 లక్షల యెన్లు దాటడం లేదని తేలింది. వాళ్లలో నాకంటే సీనియర్లూ ఉన్నారు. నేను వారానికి ఐదు రాత్రులు కన్వీనియెన్స్ స్టోర్‌లో షిఫ్టు చేస్తాను. నా అద్దె కట్టేది ఆ షాపే.

ఇంతవరకూ నా అనుమానాలన్నీ నిజమే అయ్యాయి. నేను ఊహించనిది క్లాసులో జరిగింది.

మా టీచర్ అరవై దాటిన మనిషి, ఎక్కువగా విదేశీ సినిమాలకు డబ్బింగ్ చెప్పినాయన. మొదటి నెలంతా ఉయ్‌రో-ఉరి. అది 18వ శతాబ్దపు కబుకీ నాటకంలో మందులమ్మేవాడు గుక్క తిప్పుకోకుండా చెప్పే పాఠం. ఇక్కడ గొంతు పని నేర్చుకునేవాళ్లంతా దాన్ని బట్టీ పడతారు. 'లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు' అన్న మాటనే ఏడెనిమిది నిమిషాలు సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తర్వాత యాస. వాన, మిఠాయి రెండూ 'అమే'నే. స్వరం ఎక్కడ దిగుతుందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. బడిలో చదివినా, ఇంట్లో తెలుగే కాబట్టి నేను ఇరవై ముప్పై మాటలు తప్పు పలుకుతున్నానని అక్కడే తెలిసింది.

తర్వాత 'గ'. పాత పద్ధతి జపనీస్‌లో మాట మొదట్లో 'గ' మామూలుగానే ఉంటుంది, మధ్యలో వస్తే ముక్కులోకి వెళ్తుంది. అద్దాన్ని 'కగామి' అనకూడదు, 'కఙామి' అనాలి. ఈ కాలం టోక్యో పిల్లలకి ఇది రాదు. తరగతిలో అందరూ 'ంగ' అని తంటాలు పడుతుంటే నాకు ఒక్కసారికే వచ్చేసింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర క ఖ గ ఘ ఙ అని అరిచానే, వాఙ్మయంలో తప్ప ఎక్కడా కనపడని ఆ 'ఙ' ఇదే! ఆ అక్షరం నా జీవితంలో ఒక పనికొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు.

ఆ సంబరం వారం కూడా లేదు. ఒక తండ్రి చనిపోయే సీన్ చదివించారు. బాగానే చదివాననుకున్నా. టీచర్ కాసేపు ఊరుకుని, "ఉచ్చారణ బాగుంది. కానీ మీ గొంతు పక్కన ఇంకెవరో నిలబడి నవ్వుతున్నారు" అన్నాడు. అందరూ నన్నే చూశారు. ఆయన తప్పేం అనలేదు. ఆ సీన్ రాసినవాడి మీద, దానికి కళ్లు తుడుచుకుంటున్న పక్కబల్ల అమ్మాయి మీద, 3 లక్షలు కట్టిన నా మీద నాకు లోపల నవ్వొస్తూనే ఉంది. మొహంలో కనపడకుండా దాచుకోవడం నాకు బాగా వచ్చు. గొంతులో దాగదని అప్పటిదాకా తెలీదు.

ఇక స్టూడియో. అనిమే రికార్డింగ్‌ని అఫురెకో అంటారు. సాధారణంగా పొద్దున పదింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. నాలుగింటికి వెళ్లినా "ఒహాయో గొజైమాసు" అనే అనాలి, అంటే శుభోదయం. మన దగ్గర డబ్బింగ్ ఎక్కువగా ఒక్కొక్కరే వెళ్లి చెప్పుకుని వచ్చేస్తారు. ఇక్కడ అందరూ ఒకే గదిలో. కోవిడ్ రోజుల్లో ముగ్గురు నలుగురు చొప్పున విడగొట్టారు గానీ, నేను వెళ్లేసరికి గది మళ్లీ నిండింది. ఎదురుగా తెర, దాని ముందు వరసగా నాలుగు మైకులు, పదిహేను మంది మనుషులు. మన వంతు రాగానే లేచి, ఖాళీ అయిన మైకు దగ్గరకి చప్పుడు కాకుండా వెళ్లి, చెప్పి, పక్కకి తప్పుకోవాలి. తెర మీద చాలాసార్లు పూర్తి బొమ్మ ఉండదు, గీతలే ఉంటాయి. మన పాత్ర పేరు పైకి వస్తుంది. అది ఉన్నంతసేపే మన మాట.

కొత్తవాడి కుర్చీ తలుపు పక్కన. సౌండ్‌ప్రూఫ్ తలుపు బీరువా అంత బరువు. పెద్దవాళ్లు వస్తే లేచి తియ్యడం మన పని. గరగరలాడే బట్టలు, గాజులు, గడియారాలు వద్దు. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, గుర్రుమంటే మైకు పట్టేస్తుంది. స్క్రిప్టు కాగితాలు ఒకదానికొకటి అంటుకోకుండా ముందురోజు రాత్రే మూలలు నలిపి పెట్టుకోవాలి. నాది ఆరడుగుల ఎత్తు, మైకులు పక్కవాళ్ల ఎత్తుకి ఉంటాయి. అందుకని కాళ్లు బాగా ఎడం చేసి, జిమ్నాస్టిక్స్ మధ్యలో ఆగిపోయినవాడిలా నిలబడతాను.

నా మొదటి పాత్ర పేరు 'షాపు కుర్రాడు'. హీరో కన్వీనియెన్స్ స్టోర్‌లోకి వస్తాడు, నేను "ఇరస్షైమసే" అంటాను. దయచేయండి అన్నమాట. అదీ నా పాత్ర. నాలుగేళ్లుగా రాత్రికి ఏ రెండొందల సార్లో అంటున్న మాట. దీనికి కూడా రిహార్సలా అని నవ్వుకుంటూ వెళ్లాను.

టెస్ట్‌లో అన్నాను. సౌండ్ డైరెక్టర్ అద్దం అవతలి నుంచి స్పీకర్‌లో అడిగాడు: "ఆ కుర్రాడు ఎవరితో అంటున్నాడు?"

"కస్టమర్‌తో."

"కస్టమర్ ఎక్కడున్నాడు?"

తెర చూశాను. తలుపు ఒక కొసన, కౌంటర్ ఇంకో కొసన. నాలుగు మీటర్లు ఉంటుంది. నేను అన్నది మైకు దాకా కూడా వెళ్లలేదు, నా షర్టు జేబులో పడింది. రెండోసారి గట్టిగా అన్నాను. "అరవక్కర్లేదు, ఆయన్ని చేరితే చాలు" అన్నాడు. మూడోసారి కూడా కాదు. హీరోయిన్ గొంతు చెప్పే ఆవిడ పక్క మైకు దగ్గర స్క్రిప్టు పట్టుకుని, మొహంలో ఏమీ లేకుండా నిలబడి ఉంది. చెవులు కాలిపోయాయి. నాలుగోసారికి ఓకే అయింది, ఎలా అయిందో నాకు తెలీదు.

ఆ రాత్రి షిఫ్టులో రెండింటికి ఒక పెద్దాయన బీరు కోసం వచ్చాడు. మామూలుగా నేను తలెత్తను. ఎందుకో ఆయన వైపు చూసి అన్నాను. ఆయన ఉలిక్కిపడి తల ఊపాడు. ఇద్దరికీ ఇబ్బందిగా అనిపించింది.

ఇక మీకు తప్పకుండా ఎదురయ్యే సంగతి. ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, ఒక గేమ్‌లో ఇండియన్ కూరల హోటల్ ఓనర్ పాత్ర, "కొంచెం తడబడే జపనీస్ కావాలి" అని. ఒళ్లు మండింది. పదిహేనేళ్లు పట్టింది నాకు ఆ తడబాటు పోగొట్టుకోడానికి. అది కూడా నా ఫొటో చూసి అడిగారు, గొంతు విని కాదు. కాదంటే ఇంకో పని ఎప్పుడొస్తుందో తెలీదు. ఒప్పుకున్నాను.

ఇంట్లో శాంపిల్ రికార్డు చేస్తుంటే ముందు సినిమాల్లో విదేశీయుడిలా వెకిలిగా వచ్చింది. వింటే నాకే చిరాకేసింది. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. వార్డు ఆఫీసు కౌంటర్ దగ్గర ఆయన మాట్లాడే తీరు. 'సుమిమాసేన్', అంటే 'క్షమించండి', ఎప్పుడూ రెండుసార్లు అంటాడు. వాక్యం చివర వచ్చే మాటని జపనీయులు 'దెస్' అని అచ్చు మింగేస్తే, ఆయన 'దెసు' అని ఉకారం పూర్తిగా పలుకుతాడు. తెలుగు నోరు కదా, అచ్చుని వదలదు. ఆయన తడబడడు అసలు. తప్పు పలుకుతాడు, కానీ ఎదుటివాడికి అర్థమయ్యేదాకా కదలడు. అలా చెప్పి పంపాను. పాత్ర వచ్చింది. పదకొండు డైలాగులు. ఇప్పటిదాకా నేను చేసినవాటిలో ఎక్కువ మాటలున్న పాత్ర అదే, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం మండుతుంది.

ఆదివారం భోజనాల దగ్గర శాంపిల్ నాన్నకి వినిపించాను, నేనని చెప్పకుండా. పప్పు కలుపుకుంటూ విని, "ఎవరీయన? మన గుంటూరు వైపు మనిషిలా ఉన్నాడే" అన్నాడు. అమ్మ నా వంక చూసింది గానీ ఏమీ అనలేదు.

ఇప్పుడు మీ విషయం. వారానికి ఒకరోజు క్లాసు మీద స్టూడెంట్ వీసా దొరకదు. రెండేళ్ల వొకేషనల్ స్కూలైతే దొరుకుతుంది, కానీ దానికి సాధారణంగా ఎన్2, అంటే మీ ఎన్3 కంటే ఒక మెట్టు పై స్థాయి అడుగుతారు, ఫీజు ఏడాదికి 10 లక్షల యెన్ల చుట్టూ ఉంటుంది. స్టూడెంట్ వీసా మీద పార్ట్ టైమ్ వారానికి 28 గంటలే. కోర్సు అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. నెలజీతం లేని పనికి వీసా తెచ్చుకోవడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తెచ్చుకున్నంత సులువు కాదు. బీటెక్ ఉంది కాబట్టి ముందు ఉద్యోగం మీద వచ్చి, సెలవురోజు క్లాసులో చేరడమే నాకు తోచిన దారి. అయితే ఉద్యోగ వీసా మీద ఉండి గొంతు పనికి డబ్బు తీసుకోవాలంటే విడిగా అనుమతి కావాలి. గొంతు పనే ముఖ్యం, జపాన్ కాకపోయినా ఫర్లేదు అంటే హైదరాబాద్‌లో ప్రయత్నించండి. అనిమేలు ఇప్పుడు తెలుగులోనూ డబ్ అవుతున్నాయి.

వచ్చేవారం నాకు సాయంత్రం నాలుగింటి రికార్డింగ్ ఉంది. గయా, అంటే గుంపు గోల. కత్తులు, రాజుల కాలం కథలో ఊరి సంత. కాబట్టి 'ఓకే', 'టమాటా' లాంటివి నోట్లోంచి రాకూడదు, మన మాట మిగతావాళ్లని మించి వినపడకూడదు. నేను ఉల్లిపాయలమ్మేవాణ్ణని అనుకున్నాను. ఆ రోజుల్లో ఉల్లి ఉండేదో లేదో చూసుకోవాలి.

ఏ స్కూలుకైనా ఫీజు కట్టేముందు, పోయినేడాది మీ దగ్గర నుంచి ఎంతమందిని ఏ ఏజెన్సీ తీసుకుందో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు.