వెబ్ ఏపీఐ డేటా మీద జావాస్క్రిప్ట్‌లోనే ఎస్‌క్యూఎల్ రాయొచ్చా?

హైదరాబాద్ సిటీ బస్సుల వివరాలు ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం దగ్గర డేటా అడిగి తీసుకునే దారి) నుంచి జేసన్‌గా (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) వస్తున్నాయి, ఏ స్టాపులో ఎన్ని బస్సులు ఆగుతాయో ఎస్‌క్యూఎల్‌తో (టేబుళ్లలోంచి డేటా అడిగే భాష) తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చండి. కాకపోతే మీ క్వెరీ, అంటే ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్న, సర్వర్ దాకా వెళ్లదు. ముందు జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్ ఫంక్షన్‌తో డేటా తెచ్చుకోవాలి, ఆ తర్వాత మెమరీలో ఉన్న అర్రే (రికార్డుల జాబితా) మీద క్వెరీ నడుస్తుంది.

కొన్ని వేల రికార్డులకైతే అలాఎస్‌క్యూఎల్ (AlaSQL) అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చాలు. టేబుల్ పేరు రాయాల్సిన చోట ప్రశ్నార్థకం పెడతాం: "సెలెక్ట్ స్టాప్, కౌంట్(*) ఫ్రమ్ ? గ్రూప్ బై స్టాప్". డేటా అర్రేని ఇంకో అర్రేలో చుట్టి, క్వెరీ తర్వాత రెండో ఆర్గ్యుమెంట్‌గా పంపాలి, చాలామంది తడబడేది ఇక్కడే. సరిగ్గా పంపితే మెహదీపట్నం, కోఠి, అమీర్‌పేట ఒక్కోటి ఒక్కో వరసలో లెక్కతో సహా వచ్చేస్తాయి.

మాదాపూర్‌లో పనిచేసేటప్పుడు ఇలాంటి లెక్కే తప్పొస్తుంటే ఓ పూటంతా క్వెరీనే అనుమానించాం. తీరా చూస్తే ఏపీఐ పేజీకి 100 రికార్డులే ఇస్తోంది, మేం మొదటి పేజీతోనే ఆగిపోయాం. అందుకే అన్ని పేజీలూ తెచ్చి కలిపాకే క్వెరీ రాయండి. అంకెలు స్ట్రింగులుగా వస్తే నంబర్లుగా మార్చుకోండి, లేకపోతే ఆర్డర్ బై పెట్టినప్పుడు 9 కంటే ముందు 10 వస్తుంది.

డేటా లక్షల్లో ఉంటే బ్రౌజర్‌లోనే నడిచే డక్‌డీబీ వాజమ్ (DuckDB-Wasm) అనే డేటాబేస్ నయం. ఎస్‌క్యూలైట్ (SQLite) డేటాబేస్ అలవాటున్నవాళ్లకు దాన్నే జావాస్క్రిప్ట్‌లో నడిపే ఎస్‌క్యూఎల్ డాట్ జేఎస్ (sql.js) ఉంది. ఏది వాడినా, యూజర్ టైప్ చేసిన మాటని క్వెరీలో నేరుగా అతికించకండి, పారామీటర్‌గా (క్వెరీలో ప్రశ్నార్థకం పెట్టి, విలువని విడిగా) పంపండి.