చిమ్నీ పైపుకి గోడలో పెద్ద హోల్: ఉలితో కొట్టించాలా, కోర్ కటింగ్ చేయించాలా?

వంటింట్లో చిమ్నీ పైపు కోసం తొమ్మిదంగుళాల ఇటుక గోడకి ఆరంగుళాల హోల్ కావాలి, మేస్త్రీ ఉలీ సుత్తీ చాలంటున్నాడు, లేదంటే మెషిన్ అద్దెకి తెచ్చి నేనే చేసుకోనా అని అడిగారు. నేను ఏసీలు, చిమ్నీలు బిగించే పనిలోనే ఉన్నాను. ఉలి వద్దనండి. లోపల ఆరంగుళాలతో మొదలైన కన్నం బయటికి తేలేసరికి అడుగు వెడల్పున ప్లాస్టింగ్ ఊడుతుంది, ఆ అదురుకి టైల్స్ కూడా వదిలేస్తాయి.

కోర్ కటింగ్ వాళ్లని, అంటే గొట్టంలాంటి గుండ్రటి బిట్‌తో గోడని కోసేవాళ్లని పిలవండి. పిలిచేటప్పుడు ‘ఆరంగుళాలు’ అని చెప్పి వదిలేయొద్దు. 152 ఎంఎం బిట్ తెస్తారు, మీది 160 ఎంఎం పీవీసీ పైపు అయితే అందులో పట్టదు. పైపు బయటి కొలత టేపుతో చూసి, దానికంటే కాస్త పెద్ద బిట్ తెమ్మనండి.

ముందు పొడుగాటి సన్నటి బిట్‌తో మధ్యలో అవతలి వరకు ఒక హోల్ వేయించండి, కొంచెం బయటికి వాలుగా. వాన నీళ్లు లోపలికి రావు. ఆ హోల్ నుంచి రాలే పొడిని అరచేతిలోకి తీసుకుని చూడండి. ఎర్రగా వస్తుంటే ఇటుకే. ప్లాస్టింగ్ దాటాక కూడా బూడిద రంగు పొడే వస్తూ బిట్ మొరాయిస్తే అక్కడ లింటెలో (కిటికీలు, తలుపుల మీద వేసే కాంక్రీటు పట్టీ) బీమో ఉందని అర్థం. చాలా ఇళ్లలో లింటెల్ కిటికీ మీదే ఆగదు, ఏడడుగుల ఎత్తులో గోడ పొడుగునా పోతుంది. చిమ్నీ హోల్ కూడా సరిగ్గా అక్కడికే వస్తుంది! ‘మా బిట్ లోపలి ఇనుప కడ్డీలని కూడా కోస్తుంది సార్’ అంటారు కోర్ కటింగ్ వాళ్లు. నిజమే, కోస్తుంది. మన భయమూ అదే కదా, కడ్డీలు తెగితే లింటెల్ బలం తగ్గుతుంది. హోల్ పైకో కిందికో జరపండి. బూడిద రంగులో ఉండే ఫ్లైయాష్ ఇటుకల గోడైతే పొడి రంగుని బట్టి చెప్పలేం, బిట్ ఎంత తేలిగ్గా దిగుతోందో చూసుకోవాలి.

స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైన, కింద వైర్లుంటాయి. ఆ లైన్ ఎంసీబీ దించేసి, మెషిన్‌కి కరెంటు వేరే గది నుంచి తీసుకోండి.

డైమండ్ బిట్ పెడితే మెషిన్‌లో హామర్ మోడ్ (సుత్తిలా గుద్దుతూ తిరిగే పద్ధతి) ఆపాలి, లేదంటే బిట్ పళ్లు రాలిపోతాయి. నీళ్లతో కోస్తే ఎర్ర బురద కారుతుంది, గ్రానైట్ మీద, స్టవ్ మీద ప్లాస్టిక్ షీటు పరిచి టేప్ వేయండి. సగం లోపలి నుంచి, సగం బయటి నుంచి కోస్తే రెండు వైపులా అంచు శుభ్రంగా ఉంటుంది. పై అంతస్తులో బయట నిలబడే చోటు లేకపోతే చివరి అంగుళం నొక్కకుండా నెమ్మదిగా కోయాలి. కింద ఎవరూ నడవకుండా మనిషిని కాపలా పెట్టండి, ఇటుక ముక్క కింద పడొచ్చు.

మీరే చేసుకోవడం మాత్రం వద్దు. అంత పెద్ద బిట్ గోడలో బిగుసుకుంటే మెషిన్ మణికట్టుని తిప్పేస్తుంది. నిచ్చెన మీద నిలబడి చేసేవాళ్లని చూస్తే నాకే టెన్షన్.

పైపు పెట్టాక చుట్టూ సందు సిమెంటుతో పూడ్పించి, బయట రెక్కల మూత బిగించండి. పావురాలు దూరవు.