రెండు ఇండ్ల నడుమ నాటకం: ఓ యువ రచయితకు లేఖ

తమ్మీ,

నక్సలైట్ల కాలపు చావులతోటి ఎడమొహం పెడమొహమైన ఇండ్ల మీద నువ్వు రాసిన వీధి నాటకం చదివిన. భాష బాగుంది, కోపం నిజమైంది. కానీ ఈ రాతప్రతి పట్టుకొని జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఊళ్లకు ఇప్పుడే పోకు.

నీ మొదటి రంగమే ఎన్‌కౌంటర్. చూసేటోళ్లల్ల ఎన్‌కౌంటర్‌ల కొడుకు పోయిన తల్లి ఉంటది. ఆమెకు నాలుగిండ్ల అవతల, పోలీసు ఇన్‌ఫార్మర్ అని ముద్రేసి నక్సలైట్లు చంపిన మనిషి భార్య ఉంటది. లొంగిపోయి వచ్చి కిరాణం పెట్టుకున్నోడు, కొడుకు కానిస్టేబుల్‌గా చేసే తండ్రి కూడా ఆ వాడకట్టోళ్లే. వాళ్లకు చావును మళ్లీ చూపెట్టుడెందుకు? కథను చావైన పదేండ్లకు మొదలుపెట్టు. ఇద్దరు ఆడోళ్లు, ఒకటే బోరింగు. ఒకామె రాంగనే ఇంకొకామె సగం నిండిన బిందె ఎత్తుకొని పోతది. మిగతాది ఊరికి ఎరుకే.

ఒగ్గు కథ పద్ధతి నీకు పనికొస్తది. కండువా భుజాన ఏస్తే తండ్రి, తలకు చుడితే పోలీసు, కొంగులెక్క కప్పుకుంటే తల్లి. ఒక్క కథకుడే అందరి దిక్కు మాట్లాడుతడు గనుక ‘వీడు ఫలానా వాళ్ల మనిషి’ అనే అనుమానం తగ్గుతది. ఊరోళ్లు నోరు తెరిచి అడగలేని ప్రశ్నను వంతల నోట, అంటే కథకుని పక్కన వంత పాడేటోళ్ల నోట పెట్టు. కథకుడు, ఇద్దరు వంతలు, డోలు, తాళాలు: ఐదుగురు చాలు. 25 నిమిషాలు దాటనియ్యకు. మల్లన్న కథ చెప్పుకొని బతికేటోళ్ల కళ అది. వాళ్లనడిగి, పైసలు ముందే మాట్లాడి తెచ్చుకో. ఖాకీ బట్టలు, కట్టె తుపాకులు, పటాకలు వద్దే వద్దు. డోలు మీద ఉన్నట్టుండి గట్టి దెబ్బ కూడా కొట్టనియ్యకు, ఆ చప్పుడుకు ఉలిక్కిపడేటోళ్లు ఇంకా ఉన్నరు.

పేరు మారిస్తే సరిపోదు. నెల, చెట్టు, సైకిలు, పిల్లల లెక్క, వీటిల్ల రెండు కలిస్తే ఊరు మనిషిని గుర్తుపడతది. అన్నీ మార్చు. ‘ఇన్‌ఫార్మర్’, ‘అమరుడు’ అనే మాటలు పాత్రలు అనొచ్చు గానీ కథకుడు అనొద్దు. ఇంద్రవెల్లి లాంటి సంగతి వస్తే, 1981 ఏప్రిల్ 20న అక్కడ ఆదివాసుల మీద పోలీసు కాల్పుల్ల చచ్చిపోయినోళ్లు సర్కారు లెక్కల 13 మంది, జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. ఏది ఎవరి లెక్కనో చెప్పు, దాచకు.

తేదీ చూసుకో. జులై 28 నుంచి వారం మావోయిస్టుల అమరుల సంస్మరణ, అక్టోబర్ 21 పోలీసు అమరుల దినం. ఆ రోజుల్ల ఆడితే నాటకం మొదలు కాకముందే నిన్నొక పక్కకు లెక్కగడ్తరు. అమరుల స్తూపం ముందట, పోలీస్ స్టేషన్ ముందట కూడా వద్దు. బడి మైదానం మేలు.

అన్నిటికంటె ముఖ్యం, ఆడకముందే ఆ ఇండ్లకు వేరువేరుగా పోయి రాసింది చదివి వినిపించు. కొట్టేయమన్నది కొట్టేయి, వాదించకు. సంతకం, వేలిముద్ర అడగకు. కాయితం మీద వేలిముద్ర అంటే భయపడేటోళ్లున్న ఊళ్లవి. ఫోన్లల్ల వీడియో తీయొద్దని మొదలే చెప్పు. వంద మంది దాటితే మైకు పెట్టుడు కాదు, ఇంకో ఆట ఆడు. ఎవరన్న లేచిపోతే ఎంబడి పోకు. ఆ ఊరి పెద్దమ్మ ఒకామెను ముందే మాట్లాడి పెట్టు, ఆమె పోతది.

ఆట అయినంక ఊరోళ్లతోటి మాట్లాడెతందుకు నలభై నిమిషాలన్న ఉండాలె. ‘తప్పెవరిది?’ అని అడిగితే పాత పంచాయితే లేస్తది. ‘రేపు బోరింగు కాడ ముందు ఎవరు పలకరియ్యాలె? ఏమని?’ అని అడుగు. చెప్పినోళ్లను లోపలికి పిలిచి, ఆ రంగం మళ్లీ ఆడించు. సల్లబడ్డరని సంబురపడకు, సయోధ్య పేరుతోటి ఎవరి కేసూ వదులుకోమనకు. పరిహారం, భూమి, కేసు సంగతులు బయటికొస్తయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గురించి చెప్పు. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండ ఉచితంగ వకీలును పెడ్తరు, ఫోన్ నంబరు 15100.

నెల తర్వాత డోలు లేకుండ అదే ఊరికి పో. సవరించిన ప్రతి పంపేటప్పుడు, ఏయే మాటలు ఎందుకు కొట్టేయమన్నరో పక్కన రాసి పంపు. ఎవరన్నరో మాత్రం రాయకు.

మీ అన్న
హనుమకొండ