పొగకు అలవాటు పడ్డ ఊపిరితిత్తులంటూ ఉండవు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 63. పన్నెండేళ్ళుగా ఆస్తమా ఉంది. ఆగస్టు ఆఖరున కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి, మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. సంక్రాంతికి తిరిగొస్తాం. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ అడవులు తగలబడి పొగ కమ్ముతుందని, 2020లో ఒకరోజు ఆకాశమంతా నారింజ రంగుకు తిరిగిందని మా కోడలు చెప్పింది. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. మావారేమో "కట్టెల పొయ్యి పొగలో పుట్టి పెరిగినవాళ్ళం, మనకేమవుతుంది" అంటారు. ఆయనకు పొద్దున్నే కాసేపు దగ్గు వస్తుంది, అంతకు మించి ఏ జబ్బూ లేదు. అక్కడ ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చూపే అంకె) 150 దాటితే పిల్లల్ని బయట ఆడనివ్వరట. మన విజయవాడలోనూ అలాంటి అంకెలు చూస్తుంటాం కదా? ప్రయాణం మానుకోవాలా? వెళ్తే, రోజూ దీపం పెట్టుకుని అగరుబత్తి వెలిగించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీవారి మాట గురించి చెబుతాను. మా అమ్మ కూడా అదే మాట అనేది. నలభై ఏళ్ళు ఊదుగొట్టంతో పొయ్యి రాజేసింది. మా వంటింటికి కిటికీ ఉండేది కాదు. చుట్టగానీ బీడీగానీ ముట్టని మనిషి, చివరి పదేళ్ళూ మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. అది సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడిపోయి మళ్ళీ పూర్తిగా మామూలు కాని జబ్బు) అని, పొయ్యి పొగతోనే వచ్చిందని నాకు అర్థమైంది నేను ఛాతీ వైద్యం చదవడం మొదలుపెట్టాకే. అప్పటికే ఆలస్యమైపోయింది. పొగలో పెరిగినవాళ్ళ ఊపిరితిత్తులు గట్టిపడతాయన్నది నిజం కాదు. ప్రతి ఏడూ కొంత అరిగిపోతూ వస్తాయి. అరవై దాటాక కొత్తగా ఇంకో పొగ మీద పడితే తట్టుకోవడానికి చేతిలో మిగిలింది తక్కువే ఉంటుంది.

ఫ్రీమాంట్ అన్నారు కాబట్టి నేను కళ్ళారా చూసింది చెబుతాను. 2018 నవంబరులో నేను అక్కడే మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. 8వ తేదీ పొద్దున ప్యారడైజ్ అనే ఊరి దగ్గర కరెంటు లైను నుంచి నిప్పు రేగి, ఊరికి ఊరే కాలిపోయింది. 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆ ఊరు మాకు రెండొందల కిలోమీటర్ల పైన దూరం. అయినా రోజుల తరబడి సూర్యుడు కుంకుమ బొట్టులా కనిపించేవాడు, కళ్ళెత్తి నేరుగా చూడగలిగేంత మసకగా. 16వ తేదీన బడులు మూసేశారు. 21న వాన పడేదాకా, అంటే దాదాపు రెండు వారాలు, అదే గాలి పీల్చాం. ఆ వాన చప్పుడు వినగానే మా అమ్మాయి కిటికీ తెరిచి ఏడ్చేసింది.

ఆ రోజుల్లోనే గుంటూరు వైపు పెద్దాయన ఒకరు మూతికి కండువా చుట్టుకుని పార్కులో నడుస్తూ కనిపించారు. లోపలికి వెళ్ళమని బతిమాలాను. "మా చేలో చొప్ప తగలబెడితే ఇంతకన్నా ఎక్కువ పొగొస్తుందమ్మా" అన్నారు. నాలుగో రోజు ఆయన్ని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారని వాళ్ళ కోడలు చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు. చేలో పొగ ఒక పూటకు పోతుంది. ఇది రాత్రింబవళ్ళు ఉంటుంది. పైగా అక్కడ కాలింది చెట్లే కాదు. ఇళ్ళు, కార్లు, రంగులు, ప్లాస్టిక్ అన్నీ కాలాయి. దగ్గర్లోని చికో అనే ఊళ్ళో ఆ పొగలో సీసం కూడా బాగా ఎక్కువగా ఉన్నట్టు ఆ రాష్ట్ర గాలి నాణ్యత అధికారులు తర్వాత తేల్చారు. ఇక కండువా సంగతి. హాని చేసే నుసి 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. బట్టకు అది ఆగదు, తడిపినా ఆగదు. ముఖానికి అతుక్కుని ఉండే ఎన్95 మాస్కు కావాలి. అది కూడా నుసినే ఆపుతుంది, విషవాయువుల్ని ఆపదు.

ఏక్యూఐ గురించి మీరు మంచి ప్రశ్న అడిగారు. చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు. రెండు దేశాల కొలబద్దలు వేరు. ఘనపు మీటరు గాలిలో ఆ నుసి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన లెక్కలో అది 100, "సంతృప్తికరం" అని చూపిస్తారు. అదే గాలికి అమెరికా లెక్కలో 150 దాటుతుంది, ఎరుపు రంగు పడుతుంది. గాలి ఒకటే, ఊపిరితిత్తులూ ఒకటే. కాబట్టి అక్కడ 150 చూసి "మనకిది మామూలే" అనుకోవద్దు. ఆస్తమా ఉన్న మీరు 100 దాటగానే వాకింగ్ మానేయండి. ప్రాణాయామం కూడా తలుపులు మూసుకున్న గదిలోనే. 150 దాటితే తప్పనిసరి పని ఉంటే తప్ప గడప దాటవద్దు. ఎయిర్‌నౌ అనే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో పొగ మ్యాపు ఉంటుంది, మీ వీధి దగ్గరి అంకె ఉచితంగా చూడొచ్చు. మీ ఫోనులో పెట్టివ్వమని మీ అబ్బాయితో చెప్పండి.

మీ కోడలు చెప్పిన నారింజ రంగు రోజు 2020 సెప్టెంబరు 9. ఆ పొద్దున పొగ చాలా ఎత్తున ఉంది. కింద సముద్రం మీంచి వచ్చిన చల్లగాలి పొర అడ్డుగా ఉండటంతో, అందరూ భయపడినంతగా నేల మీద గాలి చెడలేదు. అసలు చెడిపోయింది తర్వాతి రోజుల్లో, ఆకాశం ఉత్త బూడిదరంగులో ఉన్నప్పుడు. అందుకే ఆకాశం రంగును నమ్ముకోకండి, అంకె చూడండి.

ఇంట్లో చేయాల్సింది: ఒక పడకగదిని ఎంచుకుని సన్నటి నుసిని పట్టే హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టించండి. ఆ పొగ రోజుల్లో మీరు ఎక్కువసేపు ఉండాల్సింది అందులోనే. అక్కడి ఇళ్ళల్లో హీటరు గాలి గొట్టాలకు ఒక ఫిల్టరు ఉంటుంది. దాన్ని సన్న నుసిని ఆపే మెర్వ్ 13 రకానికి మార్పించి, ఫ్యాను ఆగకుండా తిరిగేలా పెట్టమనండి. కారులో బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ నొక్కాలి. ఇంత చేసి పొయ్యి మీద పూరీలు వేయించామా, ఆ నూనె పొగతో గది మళ్ళీ మొదటికొస్తుంది. నేనే ఒకసారి మిరపకాయల పోపు పెట్టి, మా అమ్మాయి ఇంట్లో ప్యూరిఫయర్ ఎరుపులోకి వెళ్ళడం చూశాను. ఆ నాలుగు రోజులూ ఇడ్లీ, కుక్కర్లో పప్పు, పెరుగన్నం చాలు. దీపం పెట్టుకోండమ్మా, చిన్న వత్తి వేసి దణ్ణం పెట్టుకోగానే కొండెక్కించండి. అగరుబత్తి, సాంబ్రాణి మాత్రం వద్దు. పొగ లేని రోజున కూడా మీ ఆస్తమాకు అవి పడవు.

అన్నిటికన్నా ముఖ్యం మందు. మీరు రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలరు వాడుతున్నారో లేదో రాయలేదు. "అలవాటైపోతుంది" అన్న భయంతో ఆయాసం తగ్గగానే మానేసేవాళ్ళను నేను ఎందరినో చూశాను. దయచేసి ఇప్పటినుంచే మానకుండా వాడండి. పొగ వచ్చాక మొదలుపెడితే వెంటనే పనిచేయదు. మూడు నెలల మందు హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి. మీ డాక్టరు చేత చీటీ మీద మందుల అసలు పేర్లు రాయించుకోండి. ఇక్కడి బ్రాండ్లు అక్కడి ఫార్మసీలో తెలియవు. మనం సాల్బుటమాల్ అనేదాన్ని వాళ్ళు ఆల్బుటెరాల్ అంటారు. ఒక పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని, ఆరోగ్యంగా ఉన్న రోజు ఎంత ఊదగలరో రాసిపెట్టుకోండి. అందులో సగం కన్నా తగ్గినా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చినా 911కి ఫోన్ చేయించండి. ఇన్సూరెన్సు ఖర్చు గుర్తొచ్చి మన పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పకుండా ఓర్చుకుంటారు. అలా ఓర్చుకోవద్దు.

ప్రయాణం మానుకోమని నేను చెప్పను. ప్రతి ఏడాదీ పొగ రాదు. టికెట్టు మార్చుకునే వీలుంటే ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్ళడం మేలు. దసరా, దీపావళి మనవలతో గడపాలని ఉంటే ఇవన్నీ సిద్ధం చేసుకుని బయల్దేరండి.

మీ కన్నా నాకు మీవారి గురించే ఎక్కువ బెంగగా ఉంది. రోజూ పొద్దున్నే దగ్గు రావడం "ఏ జబ్బూ లేకపోవడం" కాదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష పావుగంట పని. తెనాలిలో కుదరకపోతే గుంటూరులో చేస్తారు. టికెట్ల సంగతి తేల్చుకునే ముందే ఆయన్ని తీసుకెళ్ళండి. రానంటే ఈ జవాబు ఆయన చేత చదివించండి, మా అమ్మ గురించి రాసింది ఆయన కోసమే.