పార్ట్‌నర్‌షిప్పా, ఫ్యాక్టరీ అకౌంట్సా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. సీఏ పాసై నాలుగేళ్లయింది. అమీర్‌పేటలో ఒక ఆడిట్ ఫర్మ్‌లో చేస్తున్నాను. ఆగస్టులో మొదలైతే టాక్స్ ఆడిట్లు అయ్యేదాకా రాత్రి తొమ్మిదిలోపు ఇల్లు చేరింది లేదు. బాబుకి మూడేళ్లు. ఇప్పుడు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి గచ్చిబౌలిలో, ఒక అమెరికా కంపెనీ సెంటర్‌లో. జీతం బాగా ఎక్కువ. రెండోది పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో అకౌంట్స్ మేనేజర్. జీతం ఇప్పటికంటే కాస్త ఎక్కువ, అంతే. రెండింటి వివరాలూ జతచేశాను. మా సార్ "రెండేళ్లు ఆగమ్మా, పార్ట్‌నర్‌ని చేస్తా" అంటున్నారు. మామయ్య గారేమో సొంత బోర్డు పెట్టుకోక ఒకరి కింద ఉద్యోగమేంటంటారు. ప్రాక్టీస్ వదిలితే మళ్లీ రాలేనేమోనని టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న సోదరి, హైదరాబాద్

జవాబు: పటాన్‌చెరు వెళ్లండమ్మా. ఎందుకో చెప్తాను.

ముందు మీ సార్ మాట చూద్దాం. ఒక సీఏ ఏడాదికి 60 టాక్స్ ఆడిట్లకు మించి చేయకూడదని మన ఇన్‌స్టిట్యూట్ నియమం. పని పెరిగిన ఫర్మ్‌కి కొత్త పార్ట్‌నర్ అవసరం చాలాసార్లు అక్కడే పుడుతుంది. తప్పేం లేదు. కానీ సంతకం పెట్టి యూడీఐఎన్ (ఒక్కో రిపోర్టుకీ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో తీసే ప్రత్యేక నంబరు) తీశాక ఆ రిపోర్టుకి జవాబు చెప్పాల్సింది మీరే. దానికి మీకొచ్చే వాటా ఎంత? మీరు పెట్టుబడి పెట్టాలా? రేపు బయటికొస్తే మీరు తెచ్చిన క్లయింట్లు ఎవరివైపు? అడిగి చూడండి. "మన మధ్య కాగితాలెందుకమ్మా" అన్నారంటే మీకు సమాధానం వచ్చేసినట్టే.

గచ్చిబౌలి సెంటర్లలో మంచి పనులు లేవని కాదు. మీరు పంపిన వివరాల్లో ఉన్నది మాత్రం వెండర్ రీకన్సిలియేషన్ (సరుకు అమ్మినవాళ్ల లెక్కతో కంపెనీ లెక్క సరిచూడటం) ఒక్కటే. ఎంట్రీ ఒకరు వేస్తారు, చెల్లింపు ఇంకొకరు చేస్తారు, మీరు తేడాలు కలుపుతారు. మూడేళ్ల తర్వాత కూడా మీ రెజ్యూమెలో అదే లైను. పైగా అమెరికా వాళ్లతో కాల్స్ అంటే మన సాయంత్రాలు, రాత్రుళ్లు. బాబు కోసం ఆడిట్ మానేసి, వాడు నిద్రపోయే వేళకి హెడ్‌సెట్ పెట్టుకుంటారా?

నేను విజయవాడలో ఆడిట్ చేసి, ఆ తర్వాత ఒక కెమికల్ ఫ్యాక్టరీ అకౌంట్స్‌లోకి మారినదాన్ని. ఆడిటర్‌గా ఉన్నప్పుడు స్టాక్‌లో తేడా వస్తే క్వెరీ షీట్‌లో ఒక లైను రాసి ఊరుకుంటాం. ఫ్యాక్టరీలో ఆ లైను మన టేబుల్ మీదికే వస్తుంది. ఒకసారి సాల్వెంట్ డ్రమ్ములు పుస్తకాల్లో ఉన్నన్ని గోడౌన్‌లో లేవు. స్టోర్‌కీపర్‌తో కూర్చుని జీఆర్‌ఎన్‌లు (సరుకు వచ్చినప్పుడు రాసే రసీదులు), ఇష్యూ స్లిప్పులు (సరుకు బయటికిచ్చినప్పుడు రాసేవి) ఒక్కొక్కటీ తిరగేశాం. దొంగతనం ఏమీ లేదు. మార్చి 31 రాత్రి షిఫ్ట్ వాళ్లు సరుకు తీసుకెళ్లి, స్లిప్పు పొద్దున రాద్దామనుకున్నారు. పొద్దున రాశారు కూడా, ఏప్రిల్ 1 తారీఖు వేసి! దాంతో పాత ఏడాది ఖర్చు తగ్గి, లాభం పెరిగి కూర్చుంది. ఆ స్లిప్పుల వెంట తిరిగాక బ్యాచ్ కాస్టింగ్ (ఒక్కో బ్యాచ్ తయారీకి ఎంత ఖర్చయిందో లెక్కకట్టడం) నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పాల్సిన పని లేకపోయింది. మందుల కంపెనీలో మీకు దొరికేది ఇదే.

అక్కడ ఖాళీగా ఉంటారని అనుకోకండి. నెల మొదటి వారం లెక్కల క్లోజింగ్, 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నులు, మార్చి దాటితే ఆడిటర్లు. కాకపోతే అన్నీ ఒకే కంపెనీవి. పదిమంది క్లయింట్లు ఆఖరి వారంలో బ్యాంక్ స్టేట్‌మెంట్లు వాట్సాప్‌లో పడేసే బాధ ఉండదు.

చేరేముందు ఒక్కటి తేల్చుకోండి. కాస్టింగ్ మీ చేతికిస్తారా, హెడాఫీసులోనే ఉంచుకుంటారా? మీకివ్వబోమంటే నా సలహా వెనక్కి తీసుకుంటాను. అప్పుడది బిల్లులు పాస్ చేసే ఉద్యోగమే, దానికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

మళ్లీ రాలేనన్న భయం వద్దు. కంపెనీలో పూర్తికాలం ఉద్యోగం చేస్తూ ఆడిట్ సంతకాలు పెట్టడం కుదరదు, నిజమే. కానీ సీఓపీ (ప్రాక్టీస్ చేయడానికి ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సర్టిఫికెట్) వదులుకున్నా మెంబర్‌షిప్ పోదు, ఏటా ఫీజు కడుతుంటే చాలు. ఉద్యోగం మానేశాక సీఓపీకి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. క్లయింట్లు పోతారంటారా? ఇప్పుడున్నవాళ్లు మీ క్లయింట్లు కారు, మీ సార్‌వాళ్లు. సెక్షన్లు మర్చిపోతానంటారా? 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం పెట్టి సెక్షన్ నంబర్లన్నీ మార్చేశారు. ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లూ మళ్లీ పుస్తకం తెరవాల్సిందే.

మామయ్య గారితో వాదన పెట్టుకోకండి. (ఇప్పుడు చేస్తున్నదీ ఒకరి కిందే కదా, ఆ మాట మాత్రం అనకండి.) ఫ్యాక్టరీ లెక్కలు తెలిసిన సీఏ తర్వాత బోర్డు పెడితే చిన్న పరిశ్రమల వాళ్లు వెతుక్కుంటూ వస్తారని చెప్పండి.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. టాక్స్ ఆడిట్లు మాత్రం మధ్యలో వదిలి వెళ్లకండి. పటాన్‌చెరు కంపెనీ వాళ్లు మీ గురించి మీ సార్‌కే ఫోన్ చేసి అడిగే అవకాశం ఉంది.