525 రెట్ల టెలిస్కోప్‌లో శని ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న (పటమట, విజయవాడ నుంచి ఒక తండ్రి): మా అబ్బాయి ఏడో తరగతి. పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో 76 మి.మీ. అద్దం, 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్ కొనిచ్చాం. పెట్టె మీద 525 రెట్లు అని ఉంది. అన్నీ బిగించి చూస్తే శనిగ్రహం దొరకదు, దొరికినా ఓ మసక మచ్చ, అదీ క్షణంలో మాయం. మోసపోయామా?

జవాబు: టెలిస్కోప్ బాగానే ఉందండీ, మోసమంతా ఆ అంకెలోనే ఉంది. ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో తెలియాలంటే టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి దూరం) ఐపీస్ (మనం కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్ గొట్టం) మీదున్న అంకెతో భాగించాలి. మీ పెట్టెలో 20, 12.5, 4 మి.మీ. ఐపీసులు, రెట్లను మూడింతలు చేసే బార్లో లెన్స్ వచ్చి ఉంటాయి. 700ని 4తో భాగిస్తే 175, దానికి బార్లో తగిలిస్తే 525. లెక్క వరకు కరెక్టే. కానీ అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది తప్ప కొత్త వివరం ఒక్కటీ రాదు, పైగా మసకబారిపోతుంది. మీ అద్దానికి 150 దగ్గరే హద్దు, మన ఊళ్లో గాలి చాలా రాత్రులు అంతదాకా కూడా పోనివ్వదు.

ఇక మాయమవడం సంగతి. భూమి తిరగడం వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంటుంది, 525 రెట్ల దగ్గర మీకు కనిపించే ఆకాశం డిగ్రీలో పదోవంతు కూడా ఉండదు కాబట్టి శని ఓ 20 సెకన్లలో ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లిపోతుంది, ఈలోగా ఫోకస్ తిప్పబోతే స్టాండ్ ఊగుతుంది. ఏడో తరగతి పిల్లాడు కాదు, అలవాటున్నవాళ్లు కూడా దాంతో ఏమీ చూడలేరు.

బార్లో, 4 మి.మీ. ఐపీస్ రెండూ పక్కన పెట్టేయండి. ముందు పగటిపూట ఫైండర్ (గురి చూసుకోడానికి టెలిస్కోప్ మీద బిగించే చిన్న గొట్టం) సరిచేయాలి: 20 మి.మీ. ఐపీస్‌తో దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫైండర్ స్క్రూలు తిప్పుతూ అందులోనూ అదే కొస మధ్యకు వచ్చేలా చేయండి. సూర్యుడున్న వైపు మాత్రం తిప్పకండి. చాలామంది ఈ పని వదిలేసి రాత్రంతా వెతుకుతూ కూర్చుంటారు. చీకటి పడ్డాక 20తో శనిని పట్టుకుని, తర్వాత 12.5కి మారండి. ఆ 56 రెట్లలో శని చిన్నగానే ఉంటుంది గానీ చుట్టూ వలయం తెలుస్తుంది, పక్కనే చుక్కలా శని ఉపగ్రహం టైటాన్ కూడా దొరకొచ్చు. ఆ ఐపీస్ మీద ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరం ఉంటే అది డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ డిజైన్. శని చుట్టూ ఉన్నది వలయమని తేల్చిందీ, 1655లో టైటాన్‌ని కనిపెట్టిందీ ఆ హైగెన్సే, ఈ మాట మీవాడికి తప్పకుండా చెప్పండి. 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచు తిప్పి గీతలా సన్నబడ్డాయి, ఆ తర్వాత ఏడాదికేడాది మెల్లగా విచ్చుకుంటున్నాయి, కాబట్టి వాడు మంచి సమయంలోనే మొదలుపెట్టాడు.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకురాలు): ఐపీస్ ఒక్కటే కొనాలంటే ఏది? నాకు సైటుంది, కళ్లజోడుతో చూడాలా, తీసేసి చూడాలా?

జవాబు: పెట్టెతో వచ్చినవాటి బదులు ఒక్కటి కొనేట్టయితే ప్లోసల్ రకం కొనండి. వియన్నాలో ప్లోసల్ అనే ఆయన 1860లో చేసిన డిజైన్, ఇవాళ్టికీ తక్కువ ఖర్చులో దీన్ని మించింది కష్టం. కొనేముందు ఐపీస్ దూరే గొట్టం వ్యాసం కొలవండి: సుమారు 31.7 మి.మీ. అయితే ఇబ్బంది లేదు, 24.5 అయితే పాత సైజు, దానికి ఇప్పుడు ఐపీసులు దొరకడం కష్టం.

మీది మామూలు మైనస్ లేదా ప్లస్ పవరే అయితే కళ్లజోడు తీసేయండి, ఫోకస్ తిప్పితే ఆ తేడా సర్దుకుంటుంది. సిలిండర్ పవర్ ఎక్కువుంటే మాత్రం ఫోకస్ దాన్ని సరిచేయలేదు, ముఖ్యంగా తక్కువ రెట్లలో నక్షత్రాలు చుక్కల్లా కాకుండా సాగినట్టు కనిపిస్తాయి. అప్పుడు జోడు ఉంచుకోవాల్సిందే. 10 మి.మీ. ప్లోసల్‌కి కన్నుని దాదాపు 7 మి.మీ. దగ్గరకు పెట్టాలి, జోడుతో అది కుదరదు. ‘ఐ రిలీఫ్’ (ఐపీస్ నుంచి కన్ను ఉండాల్సిన దూరం) 15 నుంచి 20 మి.మీ. ఉందని రాసిన ఐపీస్ అడిగి తీసుకోండి, కాస్త ఖర్చయినా మీకు అదే పనికొస్తుంది.

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ): డాబా మీద నుంచి చూస్తే గురుగ్రహం ఉడుకుతున్నట్టు కదులుతోంది. లెన్స్ మీద చెమ్మ కూడా పడుతోంది.

జవాబు: రెండూ మన ఊరి వాతావరణం తెచ్చిపెట్టేవే. పగలంతా ఎండకి కాలిన స్లాబ్ అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ లేచే గాలిలోంచే మీరు చూస్తున్నారు. మట్టి పెరడు ఉంటే కిందే పెట్టుకోండి, లేదంటే సాయంత్రం డాబా తడిపి, వీలైతే తెల్లవారుజామున చూడండి. పక్కవాళ్ల ఏసీ యూనిట్ల మీదుగా చూడకుండా ఉంటే ఇంకా మంచిది. చెమ్మ సంగతంటారా, ఏసీ గదిలోంచి నేరుగా తెచ్చి మూత తీస్తే తప్పకుండా పడుతుంది. మూత తీయకుండా అరగంట, గంట బయట ఉంచండి. పట్టిన చెమ్మని గుడ్డతో తుడవద్దు, దానంతటదే ఆరనివ్వండి. వానాకాలం ఐపీసుల్ని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టకపోతే ఫంగస్ వస్తుంది, అది ఒకసారి లెన్స్ కోటింగ్‌ని తిన్నాక చేసేదేమీ లేదు.

ప్రశ్న (తెనాలి): పౌర్ణమి నాడు చంద్రుడి మీద తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు.

జవాబు: పౌర్ణమి వదిలేయండి. శుక్ల చవితి నుంచి దశమి దాకా చూడండి, వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన గుంటల నీడలు పొడుగ్గా పడి లోతు తెలుస్తుంది.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): విదేశాల వాళ్లకి కనపడనిది, మనకి బాగా కనపడేది ఏదైనా ఉందా?

జవాబు: ఉంది, ఒమేగా సెంటారీ! ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన గోళాకార నక్షత్ర గుచ్ఛం, దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలు. లండన్ వాళ్లకి ఇది క్షితిజం దాటి పైకే రాదు, మనకి దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చైత్ర, వైశాఖ అమావాస్యల దగ్గర చూడాలి. మే నెల మధ్యలో రాత్రి పది ప్రాంతంలో చిత్త నక్షత్రం దక్షిణాన నిలుస్తుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు పది డిగ్రీలు, చిత్త నుంచి నేరుగా కిందికి మూడున్నర పిడికిళ్లు కొలవండి. ఊళ్లో వీధిలైట్లు అక్కడిదాకా పాకుతాయి కాబట్టి బాపట్ల దాటి సూర్యలంక వెళ్లండి, సముద్రం వైపు ఊరి దీపాలుండవు. అక్కడ ఉత్తి కంటికే మసక నక్షత్రంలా తగులుతుంది. చిన్న టెలిస్కోప్‌లో తక్కువ రెట్లతో చూస్తే నిండైన గుండ్రటి వెలుగు, ఎనిమిది అంగుళాల అద్దంలో అయితే నక్షత్రాలు విడివిడిగా రాలినట్టుంటాయి, నేనైతే దీన్ని చూడకుండా ఏ వేసవీ పోనివ్వను.

ప్రశ్న (గొల్లపూడి): ఐపీస్‌కి బిగించే చిన్న సూర్యుడి ఫిల్టర్ ఇచ్చారు. వాడొచ్చా?

జవాబు: వద్దు. వేడంతా ఒక్కచోటికి చేరేది అక్కడే, చూస్తుండగానే పగలొచ్చు, కన్ను పోతుంది. సూర్యుడిని చూడాలంటే టెలిస్కోప్ ముందు భాగాన్ని మొత్తం కప్పే, దానికోసమే చేసిన ఫిల్టర్ కావాలి, ఫైండర్‌కి మూత పెట్టాలి. ఆ చిన్నదాన్ని ఇవాళే విరగ్గొట్టి పారేయండి.